తక్కెడ ఎవరి చేతిలో ఉంది?

(విశాఖపట్నంలో ఇటీవల జరిగిన ఒక సభలో, సముద్ర రసాయన శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారి ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేసినది.)

నమస్కారం. వెనక వరసల్లో వినబడుతోందా? ఆ, సరే. హార్బర్ నుంచి వచ్చిన పెద్దలు నలుగురైదుగురు ఆ చివర గోడ పక్కన కూర్చున్నారు. ముందు వరస సోఫాలు ఖాళీగా ఉన్నాయి. ముందుకు రండి బాబూ. రారా? పోనీలెండి, అక్కడ ఫ్యాను బాగా తగులుతోందంటే నేనేం అనలేను. కానీ ఆ సోఫాల సంగతి చివర్లో మళ్లీ ఎత్తుతాను.

నన్ను పిలిచినవాళ్లు ఇచ్చిన శీర్షిక చాలా పెద్దది. ‘సముద్రం ద్వారా కార్బన్ తొలగింపు, వివిధ రంగాల సమన్వయం’ అట. చదివేసరికి నాకే ఆయాసం వచ్చింది. అందుకని ముందు ఒక చేప గురించి చెప్తాను.

కానగంతలు తెలుసు కదా. పులుసు పెట్టుకుంటాం, ఎండబెట్టుకుంటాం. దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్తా. ప్రపంచంలో ఏ యూనివర్సిటీకి వెళ్లినా ఇదే పేరు. కనగుర్తా అంటే ఏ భాష? లాటినా? గ్రీకా? మన తెలుగండీ. పాట్రిక్ రస్సెల్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఒకాయన ఈ విశాఖపట్నంలో కూర్చుని, ఇక్కడ దొరికే చేపలకి బొమ్మలు గీయించి, మనవాళ్లు ఏమని పిలుస్తారో అడిగి రాసుకున్నాడు. రెండు వందల చేపలు. 1803లో లండన్‌లో అచ్చయింది. తర్వాత కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పేరునే శాస్త్రంలోకి ఎక్కించాడు. మన జాలరి నోట్లో మాట పారిస్ దాకా వెళ్లింది. ఆ మాట చెప్పిన జాలరి పేరు? అది ఎక్కడా లేదు.

ఇంకొకటి. 1952లో లాఫాండ్ అనే అమెరికా ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, మన కుర్రాళ్లని వెంటబెట్టుకుని, నౌకాదళం వాళ్ల ఓడలెక్కి, ఈ తీరాన్ని కొలిచాడు. వేసవి ముందు మన ఒడ్డున లోతుల్లోని నీరు పైకి తేలుతుందని, చల్లటి నీరు వస్తుందని లెక్కలతో చూపించారు. 1963లో సముద్రం అడుగున పెద్ద పెద్ద లోయలు కనిపెట్టి వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ అంటే మన యూనివర్సిటీ జియాలజీ ప్రొఫెసరు గారే. ఎందుకు చెప్తున్నానంటే, చదువు చెప్పేవాడూ, ఓడ నడిపేవాడూ, బయటి దేశం వాడూ కలిసి పనిచెయ్యడం ఈ ఊరికి కొత్త కాదు. ఇప్పుడు మనం కలిసి చెయ్యాలంటున్న పనికి మాత్రం ఇంకో రకం జాగ్రత్త కావాలి. ఎందుకో చెప్తాను.

మా చిన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ అనేవాళ్లు కాదు, బొగ్గుపులుసు గాలి అని చదువుకున్నాం. చూడండి, ఎంత చక్కటి మాటో! బొగ్గు నుంచి వచ్చింది, నీళ్లలో కలిస్తే పులుస్తుంది. గోలీసోడా కొట్టగానే ముక్కులోకి ఎక్కేది అదే. ఇంధనాలు తగలబెట్టి ప్రపంచం మొత్తం ఏటా గాల్లోకి వదులుతున్నది సుమారు 3,700 కోట్ల టన్నులు. మనం వదిలే దాంట్లో నాలుగో వంతు సముద్రం నోరెత్తకుండా మింగేస్తోంది. మింగితే ఏమవుతుంది? పులుస్తుంది. పీహెచ్ అని పులుపు కొలిచే అంకె ఉంది, అది తగ్గితే పులిసినట్టు. పైనీటి పీహెచ్ 8.2 ఉండేది 8.1కి వచ్చింది. ‘ఓస్, పాయింటు ఒకటే కదా’ అనకండి. అది లాగరిథమ్ లెక్క. ఆమ్లత దాదాపు 30 శాతం పెరిగినట్టు. ఇప్పటికీ సముద్రం క్షారమే, నిమ్మరసం అయిపోలేదు. కానీ గుల్ల కట్టుకునే ప్రాణికి, ఆల్చిప్పకి, పగడానికి, ఆ కాస్త తేడాకే పని కష్టమవుతుంది.

మన తీరానికి ఇంకో ముచ్చట ఉంది. లాసన్స్ బే కాలనీలో ఎన్ఐఓ, అంటే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, ప్రాంతీయ కేంద్రం ఉంది కదా, వాళ్లు రాశారు. బంగాళాఖాతం ఒడ్డు నీళ్లు పులవడానికి బొగ్గుపులుసు గాలి ఒక్కటే కాదు, గాల్లో నుంచి రాలే గంధకం, నత్రజని కాలుష్యం కూడా కారణమని. అంటే ఏంటి? మన పొగగొట్టాల లెక్క కూడా సముద్రం ఖాతాలో పడుతోంది. అందుకని ఎవరైనా ‘సముద్రం చూసుకుంటుందిలే, మనం కాల్చుకోవచ్చు’ అంటే వాళ్లతో నేను మాట్లాడను. ముందు వదలడం తగ్గించాలి. ఆ మాట ఒకసారి చెప్పేశాను, మళ్లీ చెప్పను.

సరే, ఇప్పటికే గాల్లోకి ఎక్కేసింది ఉందే, దాన్ని దింపాలంటే? చెట్లు పెట్టొచ్చు, కానీ నేల ఎంత? సముద్రంలో ఇప్పటికే గాల్లో ఉన్నదానికి 50 రెట్లు కార్బన్ ఉంది, ఇంకాస్త పడుతుంది కదా అని ఆలోచన. పద్ధతులు చాలా చెప్తారు. కొన్నింటిని దాటేసి వెళ్లిపోతాను, మీరు కోప్పడకండి.

ఇనుము వెయ్యడం ఒకటి. సముద్రంలో కొన్నిచోట్ల అన్నీ ఉంటాయి, ఇనుము ఉండదు. పిసరంత ఇనుము వేస్తే కంటికి కనబడనంత చిన్న నాచు మొక్కలు ఒక్కసారి విజృంభిస్తాయి, కార్బన్ తింటాయి, చచ్చి అడుగుకి పోతాయి. ఇదీ లెక్క. 2009లో మన ఎన్ఐఓ, జర్మనీ వాళ్లు కలిసి దక్షిణ మహాసముద్రంలో పోలార్‌స్టెర్న్ ఓడ మీద వెళ్లి చేసి చూశారు. 300 చదరపు కిలోమీటర్ల మేర 6 టన్నుల ఇనుము కలిపారు. నాచు పెరిగింది. పెరిగిందా, దాన్ని చిన్న రొయ్యల్లాంటి ప్రాణులు తినేశాయి. వాటిని ఇంకాస్త పెద్దవి తినేశాయి. అడుగుకి పోయింది చాలా తక్కువ. పెంకు కట్టుకునే డయాటమ్ అనే రకం నాచైతే బరువుకి మునిగేది, కానీ అక్కడి నీళ్లలో ఆ పెంకుకి కావలసిన సిలికా లేదు. అంటే మనం పొలానికి ఎరువు వేశాం, పంట పక్కింటి గేదె తినేసింది. కానీ ఆ ప్రయోగం ఫెయిలైందని నేను అనను. జరిగింది జరిగినట్టు రాశారు, అది గొప్ప. చూసి రావడానికి వెళ్లారు, చూసి వచ్చారు. ఎవరికీ ఏదీ అమ్మలేదు.

అమ్మితే ఎలా ఉంటుందో మూడేళ్లకే తెలిసింది. 2012లో కెనడా పడమటి తీరాన హైదా గ్వాయి దీవుల దగ్గర సుమారు 100 టన్నుల ఐరన్ సల్ఫేటు సముద్రంలో కలిపేశారు. డబ్బు పెట్టింది ఎవరు? కంపెనీయా? కాదు, చేపల మీద బతికే ఆ ఊరి ఆదివాసులే. సాల్మన్ చేప మళ్లీ దండిగా వస్తుంది, పైగా కార్బన్ క్రెడిట్లు, అంటే ‘ఇన్ని టన్నులు దించాం’ అనే పత్రాలు, అమ్ముకోవచ్చు అని చెబితే ఊరి సొమ్ము తీసి ఇచ్చారు. ప్రపంచమంతా గొడవైంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మత్స్యకారుల్ని కలుపుకుంటే చాలు అంతా సవ్యంగా ఉంటుంది అని మనలాంటి మంచివాళ్లం అంటూ ఉంటాం. అక్కడ కలుపుకున్నారుగా! ఊరంతా ఉంది. లేనిదల్లా ఏంటంటే, ‘ఇది నిజంగా దిగిందా?’ అని నిక్కచ్చిగా తూచి చెప్పే మూడోవాడు లేడు.

సముద్రపు నాచు పెంచడం గురించి మన ప్రభుత్వం కూడా చెప్తోంది, రామనాథపురం వైపు ఆడవాళ్లు తెప్పల మీద పెంచుతున్నారు. మంచి పని. తిండికి, ఎరువుకి, జెల్లీకి బ్రహ్మాండం. కానీ దాన్ని కోసి లోతు నీళ్లలో ముంచేస్తే కార్బన్ పోయినట్టే అంటే నేను ఒప్పుకోను. బంగాళాఖాతంలో వంద మీటర్లు దాటితే ఆక్సిజన్ అసలే అంతంతమాత్రం. అక్కడ నాచు కుళ్లితే ఉన్న కాస్తా పోతుంది.  మన దగ్గర అది వద్దు.

ఇక నాకు కాస్త నమ్మకం ఉన్నది, భయం కూడా ఉన్నది, క్షారం కలపడం. కడుపులో మంటగా ఉంటే ఏం తాగుతాం? తెల్లగా, పాలలా ఉండే మందు, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా. అందులో ఉండేది మెగ్నీషియం హైడ్రాక్సైడ్. అదే సముద్రానికి తాగిస్తారు. లేదా సున్నం. కలిపితే నీళ్లలో ఉన్న బొగ్గుపులుసు బైకార్బొనేట్ అయిపోతుంది. మనం బజ్జీల్లో వేసే తినే సోడా ఉంది చూడండి, అందులో ఉండేది అదే. అలా అయిపోయింది వేల ఏళ్లు నీళ్లలో ఉండిపోతుంది, గోలీసోడాలా బుస్సుమని బయటికి రాదు. నీటికి మళ్లీ ఆకలేస్తుంది, గాల్లోంచి ఇంకాస్త లాక్కుంటుంది. నిజానికి కొండరాళ్లు వానకి అరిగి, గోదావరిలో కొట్టుకొచ్చి, సముద్రంలో కలిసి లక్షల ఏళ్లుగా చేస్తున్న పనే ఇది. మనం తొందరపెడుతున్నాం, అంతే.

ఇక్కడే స్టీలు ప్లాంటు మిత్రులు లేచి కూర్చుంటారని నాకు తెలుసు. ‘మాస్టారూ, మా ఎల్‌డీ స్లాగ్‌లో సున్నమే కదా!’ ఉక్కు తయారయ్యాక మిగిలే చిట్టెం అది. అవును, వందకి 40 పాళ్లు అటూ ఇటూ సున్నమే. గుట్టలుగా ఉంటుంది. కానీ అందులో క్రోమియం ఉంటుంది, వనేడియం ఉంటుంది. ఊరికే వస్తోంది కదా అని మందులో మట్టి కలిపి రోగికి పోస్తామా? దాన్ని శుద్ధి చెయ్యగలమా, ఎంత ఖర్చు, ఎంత కరెంటు, ఆ ప్రశ్నకి జవాబు సముద్రం వాళ్ల దగ్గర లేదు, మీ దగ్గర ఉంది. మీ మెటలర్జీ లేకుండా మా కెమిస్ట్రీ అడుగు కదలదు. పోనీ కొత్తగా సున్నం కాలుద్దామా? సున్నపురాయి కాలిస్తే 56 టన్నుల సున్నం చేతికొచ్చేసరికి 44 టన్నుల బొగ్గుపులుసు గాలి పైకి పోతుంది, బట్టీలో మంటది వేరే. ఆ గాలిని అక్కడే పట్టుకోకపోతే ముందు గుమ్మంలోంచి దొంగని తరిమి వెనక తలుపు తీసిపెట్టినట్టు.

ఇప్పుడు తూకం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా దీనికి ఉపోద్ఘాతం.

సముద్రపు నీళ్లలో క్షారత కొలవడం ఎలా ఉంటుందో తెలుసా? రాత్రి రెండు గంటలకి ఓడ ఊగుతుంటే, శాంపిలరు పైకి రాగానే సన్నటి గొట్టం గాజుసీసా అడుగుదాకా పెట్టి, ఒక్క బుడగ రాకుండా నింపాలి. పొంగి పారనివ్వాలి. మెర్క్యురిక్ క్లోరైడ్ చుక్కలు వెయ్యాలి, లేకపోతే లోపలి సూక్ష్మజీవులు ఊపిరి పీల్చి లెక్క మార్చేస్తాయి. బిరడాకి గ్రీజు రాసి బిగించాలి. ఒడ్డుకొచ్చాక చుక్క చుక్కగా యాసిడ్ వేసి తూచాలి. సుమారు 2,300 ఉండే అంకెలో రెండు తేడా వచ్చినా పట్టుకోవాలి. మరి మన లెక్క సరైనదని ఎవరు చెప్పాలి? కాలిఫోర్నియాలో స్క్రిప్స్ అనే సంస్థ ఒకటి సీసాల్లో సముద్రపు నీళ్లు నింపి, విలువ కట్టి ప్రపంచానికంతా పంపుతుంది. అదీ మన తూకంరాయి. కోవిడ్ రోజుల్లో ఆ సీసాలకి కటకట వచ్చి ప్రపంచంలో ల్యాబులన్నీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. ఇంత పెద్ద సముద్రానికి తూకంరాయి ఎక్కడినుంచి వస్తోందో చూడండి!

ఇది సులువైన భాగం. కష్టమైంది వేరే ఉంది. క్షారం కలిపిన నీరు గాల్లోంచి బొగ్గుపులుసు లాక్కోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోచోట ఏడాది పైన. ఈలోపు ఆ నీరు ఇక్కడ నిలబడి ఉంటుందా? వెనక కూర్చున్నవాళ్లని అడగండి. ఫిబ్రవరి నుంచి మే దాకా మన ప్రవాహం ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. మార్చిలో విశాఖలో మందు తాగిస్తే, ఆకలి ఏ ఒడిశా తీరం దగ్గరో వేస్తుంది. మధ్యలో ఆ నీరు కిందికి మునిగిపోతే అసలే వెయ్యదు. పైగా గోదావరి, మహానది, గంగ వరదకి మన నీళ్ల క్షారత తనంతట తానే వందల్లో మారిపోతుంది. అందులో మన చెంచాడు మందు వల్ల వచ్చిన తేడా ఎంత అని విడదీయాలి. చివరికి కొంత కొలత, చాలాభాగం కంప్యూటరు అంచనా. అంచనా తప్పని అనను. కానీ అంచనాని టన్నుల్లెక్కన అమ్ముతున్నప్పుడు, ఆ అంచనా వేసేవాడు ఎవరు?

హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలంపాట చూశారా? చేప తెచ్చినవాడు వేరు, కొనేవాడు వేరు, పాట పాడేవాడు వేరు. అమ్మేవాడే తక్కెడ పట్టుకుని ‘వంద కిలోలు, నన్ను నమ్ము’ అంటే కొనేవాడు ఒప్పుకుంటాడా? సముద్రం కార్బన్‌లో ఇది చాలాచోట్ల ఇంకా తేలలేదు. ఒక అమెరికా కంపెనీ 2023లో ఐస్‌లాండ్ దగ్గర చెక్కముక్కలు సముద్రంలో వేసి క్రెడిట్లు అమ్మింది, మరుసటేడే మూతపడింది. దానికి భిన్నంగా కెనడాలో హాలిఫాక్స్ రేవుని చూడండి. అక్కడ ఒక కరెంటు ప్లాంటు తనని చల్లబరచుకోవడానికి వాడిన నీళ్లు సముద్రంలోకి వదిలే చోట మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలుపుతున్నారు. కలిపేది కంపెనీ. నీళ్లు కొలిచేది డల్‌హౌసీ యూనివర్సిటీ. పత్రం ఇచ్చేది ఇంకో సంస్థ. 2025 మొదట్లో ఈ పద్ధతిలో మొదటిసారి క్రెడిట్లు ఇచ్చారు. ఎన్ని టన్నులో తెలుసా? 625 చిల్లర. నవ్వకండి. ప్రపంచం వదిలేదాన్ని సెకన్లలోకి మార్చుకుంటే ఇది అర సెకను. చిటికె వేసేంత. కానీ ఆ చిటికెని నమ్మొచ్చు. నాకు కోట్ల టన్నుల గాలిమాట కంటే ఆ 625 ఇష్టం.

అదే కంపెనీ ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరాన, మురుగునీరు శుద్ధి చేసి వదిలే గొట్టంలోంచి అదే మందు వదలబోతే ఊరివాళ్లు 2023లో బీచికి వచ్చి ఊరేగింపు చేశారు. చివరికి అక్కడ మానుకున్నారు. అదే మందు, అదే మనుషులు. ఒకచోట నడిచింది, ఒకచోట జనం అడ్డుపడ్డారు. ఎందుకు? మా సముద్రంలో ఏదో కలుపుతారట అని జనానికి చివర్లో తెలిసింది కాబట్టి. మన దగ్గర గొట్టం అన్న మాటకి అర్థం ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఉత్తరాంధ్ర తీరంలో గొట్టం అంటే ఫ్యాక్టరీ నీళ్లు, చచ్చి తేలిన చేపలు, ధర్నా. సింహాద్రి థర్మల్ ప్లాంటు సముద్రపు నీళ్లతో చల్లబడుతుంది కాబట్టి హాలిఫాక్స్ లాగా ఇక్కడా చెయ్యొచ్చు కదా అని కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. రసాయనం ప్రకారం చెయ్యొచ్చు బాబూ. కానీ ఇంకో గొట్టం పెట్టి ‘ఇది మందు’ అంటే ఆ పల్లెల్లో ఎవరు నమ్మాలి? ఎందుకు నమ్మాలి?

నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. చాలా ఏళ్ల కిందటి మాట. ఒక ప్రాజెక్టులో మేము తీరానికి కాస్త దూరంలో పరికరాలు పెట్టిన తేలే డబ్బా ఒకటి, బోయ అంటాం, లంగరేశాం. పసుపు రంగు, లైటు, అన్నీ ఉన్నాయి. అనుమతులు ఢిల్లీ నుంచి తెచ్చాం. పక్కనున్న పల్లెలో మాత్రం ఒక్కరికి చెప్పలేదు. నెల తిరక్కుండా ఒక బోటు వల దాని తాడుకి చిక్కి, చీరుకుపోయింది. వాళ్లు తాడు కోసేశారు. మా బోయ పోయింది, డేటా పోయింది, వాళ్ల వల పోయింది. నేను మహా కోపంగా వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన వల చిల్లులు కుట్టుకుంటూ, తలెత్తకుండా అన్నాడు: ‘ముందల మాకు సెప్పుంటే అక్కడ పార్లు ఉన్నాయి, వలేస్తాం అని మేమే సెప్పీవోళ్లం గదా బావూ. మీ డబ్బాకి మేమే కాపలా కాసీవోళ్లం.’ పార్లంటే నీళ్ల అడుగున రాతి దిబ్బలు. ఆ వల ఖరీదు ఎవరిస్తారని అడిగాడు. మా బడ్జెట్‌లో వలకి పద్దు లేదు. నిజంగా లేదు, కాగితాలన్నీ వెతికాను.

అందుకని సమన్వయం అన్నప్పుడు నేను అడిగేవి చిన్న చిన్న విషయాలే. ప్రాజెక్టు రాసేటప్పుడే వలకి పద్దు పెట్టండి. శాంపిళ్లకి ఓడ అద్దెకి తెస్తే రోజుకి లక్షలు, నెలకోసారి వెళ్తాం. ఈ హార్బర్ నుంచి రోజూ వెళ్లే బోట్లున్నాయి. సీసా నింపడం నేర్పితే నేర్చుకోరా? జీతం ఇచ్చి నేర్పండి, సేవ అని కాదు. హైదరాబాదు నుంచి ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లు చేపలు ఎక్కడ దొరుకుతాయో రోజూ సమాచారం పంపుతున్నారు, వీళ్లు వాడుకుంటున్నారు. ఇటునుంచి అటు కూడా లెక్కలు వెళ్లొచ్చు. కంపెనీలు డబ్బు పెట్టండి, కానీ కొలిచేవాడి జీతం మీ చేతిమీదుగా వెళ్లకూడదు. కొలతలు అందరికీ కనబడాలి, తెలుగులో కనబడాలి. పల్లె వద్దంటే ఆగాలి. ఆపే హక్కు లేకుండా పిలిస్తే అది సంప్రదింపు కాదు, పేరంటం.

యూనివర్సిటీ పిల్లలకి ఒక మాట. ముందు ఏమీ కలపకండి. మన తీరం నీళ్లు ఏడాది పొడుగునా, వరదలోనూ ఎండలోనూ, తనంతట తాను ఎలా మారుతుందో రెండు మూడేళ్లు కొలవండి. విసుగ్గా ఉంటుంది, పేపర్లో ఫొటో రాదు. అది లేకుండా తర్వాత ఏది కలిపినా తేడా ఎంతో చెప్పలేరు.

టైమైందని చీటీ వచ్చింది. సోఫాల సంగతి అన్నాను కదా. ఈ సభ నవంబరు, డిసెంబరు నెలల్లో పెడితే, వేట జోరుగా ఉన్న రోజుల్లో, పల్లెల నుంచి ఎవరొస్తారు? వచ్చిన ఈ నలుగురూ ఇవాళ వేట మానుకుని వచ్చారు, వాళ్లకి ఇవాళ్టి కూలి ఎవరూ ఇవ్వలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వచ్చే మీటింగు అప్పుడు పెట్టండి. ఈ హాల్లో కాదు, హార్బర్‌లో, వలలు కుట్టుకునే షెడ్డు దగ్గర. సోఫాలు అక్కర్లేదు, చాపలు చాలు. వాళ్లు వలలు కుట్టుకుంటూనే వింటారు, మనం చెప్పేది బాగులేకపోతే మొహం మీదే చెప్తారు. టీల ఖర్చు నాది.

ప్రశ్నలు ఉంటే అడగండి. మొదటి ప్రశ్న మాత్రం ఆ గోడ పక్క నుంచి రావాలి. మైకు అటు పట్టుకెళ్లు బాబూ.